ఏ బండి కట్టాలి?

కర్దనూర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఓ అరగంట నిలబడితే చాలు, బండ్ల లోకం మొత్తం కళ్లముందు నుంచి వెళ్లిపోతుంది. ముందు ఓ ఆటో ట్రాలీ. దాని వెనక డీసీఎం. ఆ వెనక పది టైర్ల లారీ. అందర్నీ పక్కకు జరగమంటూ హారన్ కొట్టే కంటెయినర్ ట్రెయిలర్. పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల సరుకు ఇలాగే ఊళ్లకు చేరుతుంది. మూడు టన్నుల సరుక్కి ట్రెయిలర్ కట్టినవాడు డీజిల్ ఖర్చుకే మునుగుతాడు. పది టన్నుల సరుక్కి డీసీఎం కట్టినవాడు తిరిగిన దారే తిరిగి మునుగుతాడు. తిరుగు లోడు దొరక్కపోతే ఇద్దరూ కలిసే మునుగుతారు. ఈ లెక్క ఆ దారిలో ఏ ట్రాన్స్‌పోర్టు యజమానిని అడిగినా చేతిలోని టీ గ్లాసు కింద పెట్టకుండానే చెప్పేస్తాడు.

మరి ఇంత చిన్న లెక్క విమానాల యజమానులకు తెలియదా? తెలుసు. తెలిసీ మునిగినవాళ్లు ఎందరో! ముఖ్యంగా అట్లాంటిక్ మహాసముద్రాన్ని చవక టికెట్లతో దాటిస్తామని బయలుదేరినవాళ్లు. యాభై ఏళ్లుగా ఒకరి తరువాత ఒకరు వచ్చారు, పోయారు. చాలామంది కథలో ఒకే మలుపు... రూటు మంచిదే, జనమూ ఉన్నారు, కట్టిన బండి కుదరలేదు.

ఎక్కడి అట్లాంటిక్, ఎక్కడి కర్దనూర్ అనుకోనక్కర్లేదు. అదే ఔటర్ మీద లారీల మధ్య నుంచి అప్పుడప్పుడూ ఓ ఇన్నోవా దూసుకుపోతుంది. వెనక సీట్ల మీద నాలుగు పెద్ద పెట్టెలు. ముందు సీట్లో కూతురి కాన్పుకు అమెరికా బయలుదేరిన అమ్మ. శంషాబాద్ విమానాశ్రయం నలభై కిలోమీటర్ల చిల్లర దూరం, గంట ప్రయాణం. ఆ తరువాతే అసలు కథ. "దోహాల దిగినంక వీల్‌చెయిర్ల కూసో అమ్మా, వాళ్లే తీస్కపోయి రెండో విమానం ఎక్కిస్తరు. నువ్వేం మాట్లాడకు, పాస్‌పోర్టు చూపించు చాలు" అని ఫోన్లో కొడుకు పదోసారి చెబుతుంటాడు. కాళ్లు బాగానే ఉన్నా వీల్‌చెయిర్ అడగడం మన అమ్మలకు, నాన్నలకు అలవాటైపోయింది. అది కాళ్ల కోసం కాదు, భాష కోసం.

నేరుగా వెళ్లే విమానం, అదీ చవకగా, ఎందుకు లేదు? అమెరికాలో ఇంతమంది తెలుగువాళ్లున్నారు, సీట్లు నిండవా? ప్రతి ఇంట్లోనూ వినిపించే ప్రశ్నే. జవాబు టికెట్ కౌంటర్లో దొరకదు. విమానం ఎంచుకునే బల్ల దగ్గర దొరుకుతుంది.

ఆ బల్ల దగ్గర మొదట కూర్చున్న మొండివాడు బ్రిటన్‌కు చెందిన ఫ్రెడీ లేకర్. లండన్ నుంచి న్యూయార్క్‌కు రైలెక్కినట్టు విమానం ఎక్కించాలన్నది ఆయన ఆలోచన. రిజర్వేషన్ లేదు. ఆ రోజు వచ్చి, వరసలో నిలబడి, టికెట్ కొనుక్కుని ఎక్కడమే. భోజనం కావాలంటే వేరే డబ్బులు. 1971లో అనుమతి అడిగినప్పుడు ఆయన మనసులో ఉన్నది బోయింగ్ 707. సన్నటి, పాత తరహా విమానం. పెద్ద కంపెనీలు అడ్డుపడ్డాయి, ప్రభుత్వాలు నానబెట్టాయి, కోర్టుల్లో ఆరేళ్లు గడిచాయి. ఆ ఆలస్యమే ఓ రకంగా మేలు చేసింది. ఈలోపు జపాన్ కంపెనీ ఒకటి తీసుకోవలసిన డీసీ-10 విమానాలు బేరం చెడి మిగిలిపోతే లేకర్ వాటిని అందిపుచ్చుకున్నాడు. 1977 సెప్టెంబరు 26న 'స్కైట్రెయిన్' ఎగిరింది. 345 సీట్ల విమానం, ఒకవైపు టికెట్ 59 పౌండ్లు.

ఇక్కడ రెండు లెక్కలు చెప్పుకోవాలి. ఒకటి సీటు ఖర్చు, రెండోది ట్రిప్పు ఖర్చు. పెద్ద విమానంలో సీటు ఖర్చు తక్కువ, ఎందుకంటే అదే పైలట్లు, అదే దారి, ఖర్చు మాత్రం మూడు వందల మందికి పంచుతారు. కానీ ట్రిప్పు ఖర్చు ఎక్కువ. సీట్లు నిండినా నిండకపోయినా ఆ డబ్బు ఖర్చయి తీరుతుంది. చిన్న విమానానిది సరిగ్గా దీనికి తిరగలి. వేసవిలో అట్లాంటిక్ మీద ఏ విమానమైనా నిండుతుంది. జనవరి, ఫిబ్రవరిల్లోనే అసలు పరీక్ష.

లేకర్ ఆ పరీక్షలో మొదట్లో బాగానే నెగ్గాడు. తరువాతే దెబ్బ మీద దెబ్బ. 1979 మేలో షికాగోలో ఓ డీసీ-10 కూలిపోయింది. అది ఆయనది కాదు, వేరే కంపెనీది. అయినా ఆ రకం విమానాలన్నిటినీ నెలకు పైగా నేల మీద కట్టేశారు. లేకర్ సంస్థకు ఆయువుపట్టు ఆ విమానమే. ఆ తరువాత ఇంధనం ధర పెరిగింది. మరిన్ని డీసీ-10లు, ఎయిర్‌బస్ ఏ300లు కొనేందుకు చేసిన అప్పు డాలర్లలో ఉంది, రాబడిలో ఎక్కువభాగం పౌండ్లలో. పౌండు జారింది. పోటీ కంపెనీలు తమ టికెట్లూ తగ్గించాయి. 1982 ఫిబ్రవరి 5న కంపెనీ మూతపడింది. గాల్లో ఉన్న విమానాలు మధ్యలోనే వెనక్కి తిరిగాయని అప్పట్లో చెప్పుకున్నారు.

మరుసటి ఏడే అమెరికా నుంచి పీపుల్ ఎక్స్‌ప్రెస్ వచ్చింది. న్యూయార్క్ పక్కనున్న న్యూవార్క్ నుంచి లండన్‌కు అద్దెకు తెచ్చిన బోయింగ్ 747, 149 డాలర్ల టికెట్. సీట్లు విరగబడి అమ్ముడుపోయాయి. ఆ ఊపులో కంపెనీ తన తాహతుకు మించి పెరిగి, 1987లో కాంటినెంటల్‌లో కలిసిపోయింది.

అసలు దగ్గరి దూరాల్లో చవక విమానాలు ఎలా బతుకుతున్నాయి? అది మనవాళ్లకు తెలిసిన కథే. 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ దక్కన్ పెట్టినప్పుడు ఎంచుకున్నవి 48 సీట్ల ఏటీఆర్ విమానాలు. హుబ్లీ లాంటి ఊళ్లకు అవి చాలు. దిగిన అరగంటలో మళ్లీ ఎగరాలి. రోజుకు ఆరేడు ట్రిప్పులు తిరగాలి. పెద్ద కంపెనీ విమానం నేల మీద నిలబడి ఉండే సమయంలో చవక కంపెనీ విమానం మరో ట్రిప్పు వేసేస్తుంది. లాభం అక్కడ.

సముద్రం మీద ఈ కిటుకు పనిచేయదు. లండన్ నుంచి న్యూయార్క్‌కు వెళ్లి రావడానికే దాదాపు రోజు పడుతుంది, ఎవరి విమానమైనా అంతే. టర్న్‌అరౌండ్‌లో ముప్ఫై నిమిషాలు మిగిల్చితే వచ్చేదేమీ లేదు. అంచేత చవక కంపెనీకి మిగిలిన ఆయుధం ఒక్కటే, విమానం. తక్కువ తాగాలి, ఎక్కువమందిని మోయాలి, చెడిపోకూడదు. ఈ మూడూ ఒకే విమానంలో దొరికాయనుకుంది నార్వేజియన్.

నార్వేజియన్ కథ తెలుసుకుంటే ఎంత పకడ్బందీగా ఎంచుకున్నా ఏమవుతుందో అర్థమవుతుంది. ఆ కంపెనీ ఎంచుకున్నది బోయింగ్ 787, డ్రీమ్‌లైనర్. కార్బన్ నారతో చేసిన తేలికైన ఒళ్లు. తన ముందు తరం విమానం కంటే ఇరవై శాతం దాకా తక్కువ ఇంధనం అని బోయింగ్ చెప్పింది. కాగితం మీద ఇంతకంటే మంచి సంబంధం లేదు. అయితే 2013 జనవరిలో బ్యాటరీలు కాలి ప్రపంచంలోని 787లన్నీ నేల మీద ఆగిపోయాయి. మే 30న ఓస్లో నుంచి న్యూయార్క్‌కు మొదటి సర్వీసు పెట్టేనాటికి పెళ్లికూతురు రాలేదు. అద్దెకు తెచ్చిన నాలుగు ఇంజన్ల ఏ340తో ముహూర్తం కానిచ్చారు. తక్కువ ఇంధనంతో చవగ్గా తిప్పుతామన్న కంపెనీ, ఇంధనం తాగడంలో పేరుమోసిన విమానంతో మొదలైంది!

తరువాత 787లు వచ్చాయి, సర్వీసులు పెరిగాయి. 2017లో ఇంకో ఎత్తు వేసింది. 189 సీట్ల చిన్న 737 మ్యాక్స్‌ను తెచ్చి ఎడిన్‌బరో, షానన్, బెల్‌ఫాస్ట్ లాంటి చోట్ల నుంచి అమెరికాలోని చిన్న విమానాశ్రయాలకు తిప్పింది. పెద్ద విమానం నిండని ఊళ్లకు డీసీఎం కట్టడమన్నమాట. ఆలోచన బాగుంది. కానీ 2018 వచ్చేసరికి 787లకున్న రోల్స్‌రాయిస్ ఇంజన్లలో బ్లేడ్లు త్వరగా అరిగిపోతున్నాయని తేలింది. విమానాలు వరసగా ఇంజన్లు విప్పుకుని నిలబడ్డాయి, వాటి బదులు మళ్లీ అద్దె విమానాలు. 2019 మార్చిలో రెండు ఘోర ప్రమాదాల తరువాత 737 మ్యాక్స్‌లను ప్రపంచమంతా ఆపేశారు. రెండు చేతులూ ఇలా విరిగాక వచ్చింది కరోనా. 2021 జనవరి 14న ఇక దూరప్రయాణాలు నడపబోమని నార్వేజియన్ ప్రకటించింది.

విమానం ఎంచుకోవడమంటే ఇంజన్ ఎంచుకోవడం కూడానని అక్కడ తెలిసొచ్చింది. మన దగ్గర గో ఫస్ట్ 2023 మేలో ఆగిపోయినప్పుడు ఆ కంపెనీ చెప్పిన కారణమూ అదే, ఇంజన్లు సమయానికి రాక సగం విమానాలు నిలబడిపోయాయని. 2025 నవంబరులో శంషాబాద్‌లో సాఫ్రాన్ కంపెనీ లీప్ ఇంజన్ల మరమ్మతు కేంద్రం ప్రారంభమైతే పేపర్లు పెట్టుబడుల గురించి రాశాయి గానీ, విమాన కంపెనీలకు అది అంతకంటే పెద్ద కబురు. ఇంజన్ విప్పి విదేశానికి పంపి నెలల తరబడి ఎదురుచూడనక్కర్లేదు.

ఇంకొందరి సంగతి. ఐస్‌లాండ్‌కు చెందిన వావ్ ఎయిర్ చిన్న ఏ321లతో బాగానే నడిచింది. దారి మధ్యలో తమ దేశం ఉంది కాబట్టి రెండు చిన్న గంతులు వేస్తే సముద్రం దాటేయొచ్చు. ఆశ ఊరుకోనిస్తుందా? పెద్ద ఏ330లు తెచ్చింది. 2018 డిసెంబరులో ఏకంగా ఢిల్లీ దాకా వచ్చింది. ఢిల్లీ నుంచి ఐస్‌లాండ్ మీదుగా అమెరికాకు చవక టికెట్ అని ఇక్కడి జనం సంబరపడుతుండగానే జనవరిలో ఆ సర్వీసు ఆగింది. 2019 మార్చి 28న కంపెనీయే ఆగింది. ప్రైమెరా ఎయిర్ అయితే కొత్త ఏ321 నియోలు సమయానికి చేతికందక, అద్దె విమానాలతో నెట్టుకొచ్చి, 2018 అక్టోబరు మొదట్లో రాత్రికి రాత్రి మూతపడింది. ప్రయాణికులు ఎక్కడివాళ్లక్కడ చిక్కుపడ్డారు. పరాయి దేశపు విమానాశ్రయంలో, బోర్డు మీద 'రద్దు' అన్న అక్షరాలు చదవలేని ఓ అమ్మ నిలబడి ఉంటే? చవక టికెట్‌లో ఆ భయం ధర ఎవరూ కలపరు.

ఇప్పుడు పెట్టెల దగ్గరికి వద్దాం. అమెరికా టికెట్ మీద మామూలుగా మనిషికి రెండు పెట్టెలు, ఒక్కొక్కటి 23 కిలోలు. తెలుగువాళ్లు ఆ నలభై ఆరు కిలోల్లో ఒక్క గ్రాము వదలరు. మామిడికాయ తొక్కు, సకినాలు, కారప్పొడులు, నువ్వుల ఉండలు, బాలింతకు మిరియాల పొడి, మనవరాలికి పట్టుపరికిణీ. 338 మంది ఎక్కే విమానంలో అందరూ ఇలాగే తెస్తే ఒక్క పెట్టెల బరువే పదిహేనున్నర టన్నులు. లారీ వాళ్ల భాషలో చెప్పాలంటే ఓ పెద్ద లోడు. చవక కంపెనీలు పెట్టెకు వేరుగా డబ్బు వసూలు చేసేది దురాశ ఒక్కటే కాదు. దూరప్రయాణంలో బరువు మోయడానికి ఇంధనం కావాలి, ఆ ఇంధనం బరువు మోయడానికి ఇంకా ఇంధనం కావాలి. పది గంటల ప్రయాణంలో అదనంగా ఒక టన్ను మోస్తే, అందులో దాదాపు మూడో వంతు బరువున్న ఇంధనం అందుకోసమే కాలిపోతుంది.

అందుకే సన్నటి చిన్న విమానాల మీద ఎన్ని ఆశలున్నా ఓ అనుమానం వెంటాడుతుంది. పాత బోయింగ్ 757లతో అమెరికా కంపెనీలు యూరప్‌కు తిరిగేవి. 2011-12 చలికాలంలో ఎదురుగాలి బలంగా వీచి, యూరప్ నుంచి వెళ్లే 757లు ఇంధనం చాలక దారిలో కెనడాలో దిగి పోసుకోవలసి వచ్చింది. 2021 ఆగస్టులో జెట్‌బ్లూ ఏ321ఎల్ఆర్‌తో న్యూయార్క్ - లండన్ మొదలుపెట్టినప్పుడు అందులో పెట్టింది 138 సీట్లే. వాటిలో 24 పడుకునే సీట్లు. అదే ఒళ్లున్న విమానంలో దగ్గరి దూరాలకు రెండు వందల మందికి పైగా కూర్చుంటారు. అంటే చిన్న విమానం సముద్రం దాటాలంటే జనాన్ని తగ్గించి, డబ్బున్నవాళ్లను కొందరిని ఎక్కించుకోవాలి. 2024 నవంబరులో ఐబేరియా మొదటిసారి నడిపిన ఏ321ఎక్స్ఎల్ఆర్ ఇంకా దూరం వెళ్లగలదు, 8,700 కిలోమీటర్లు అంటుంది ఎయిర్‌బస్. అయితే ఆ అదనపు ఇంధనం ట్యాంకు కూర్చున్నది ఎక్కడ? కింద సామాన్లు పెట్టే చోట! ఇంధనం పోస్తే తొక్కుజాడీకి చోటు తగ్గుతుంది.

ఇక శంషాబాద్ నుంచి కొలుద్దాం. లండన్ సుమారు 7,750 కిలోమీటర్లు. షికాగో 13,300. మనవాళ్లు ఎక్కువగా ఉండే డల్లాస్ 14,400. ఎక్స్ఎల్ఆర్‌కు లండనే అంచు. దానికి తోడు 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేస్తే దారి ఇంకా చుట్టయింది. చిన్న విమానంతో మన ఊరి నుంచి అమెరికా అన్న మాట అక్కడితో సరి.

పెద్దదానితో ప్రయత్నించారు. 2021 జనవరి 15న ఎయిరిండియా విమానం షికాగో నుంచి ఎక్కడా ఆగకుండా శంషాబాద్‌లో దిగింది. అమెరికా నుంచి హైదరాబాద్‌కు అదే మొదటి నేరు విమానం. కట్టిన బండి బోయింగ్ 777-200ఎల్ఆర్, ప్రపంచంలోకెల్లా దూరం పోగల వాటిలో ఒకటి. సీట్లు 238 మాత్రమే. అంత పెద్ద ఒంటికి అది తక్కువ. ఆ దూరంలో మనుషుల కంటే ఇంధనమే ఎక్కువ మోయాలి మరి, ట్యాంకుల్లో లక్షా ఎనభై వేల లీటర్లకు పైగా పడుతుంది. వారానికి ఒక్క సర్వీసు. ఆ విమానంలో వచ్చినవాళ్లకు వీల్‌చెయిర్ అడిగే పనే లేకపోయింది. ఎక్కింది ఒకచోట, దిగింది ఇంటి దగ్గర. కానీ అది నిలబడలేదు, ఆగిపోయింది. ఇలాంటి విమానాన్ని బోయింగ్ మొత్తం మీద అరవై చిల్లర మాత్రమే అమ్మగలిగిందంటే ఆ లెక్క ఎంత కష్టమో తెలుస్తుంది.

మరి గల్ఫ్ కంపెనీలు ఎలా నింపుతున్నాయి? పటాన్‌చెరు గోడౌన్ల పద్ధతే. పది ఊళ్ల నుంచి చిన్న బండ్లలో సరుకు తెచ్చి ఒకచోట దించి, అక్కడి నుంచి ట్రెయిలర్ నిండా పోసి పంపుతారు. హైదరాబాద్, కొచ్చి, ఢాకా, కొలంబో జనాన్ని దోహాలోనో దుబాయ్‌లోనో కలిపి పెద్ద విమానం నింపుతారు. ఒక్క హైదరాబాద్ జనంతో రోజూ నింపాలంటే ఆగస్టు, జనవరిల్లో చదువుకునే పిల్లలు, వేసవిలో అమ్మానాన్నలు సరిపోతారు. మిగతా నెలల్లో ఎవరెక్కుతారు?

ఒక తమాషా ఉంది. హైదరాబాద్ నుంచి లండన్ 7,750, లండన్ నుంచి న్యూయార్క్ 5,550. కలిపితే 13,300. షికాగోకు నేరుగా వెళ్లేంత దూరమే! ఒకే గంతులో వెళ్లే కంటే రెండు గంతుల్లో వెళ్తే ఇంధనం కలిసొస్తుంది కూడా, మధ్యలో పోసుకోవచ్చు కనుక. ఎప్పటికైనా చవక దారి పడితే ఇలాగే పడాలి, యూరప్ దాకా ఒక చవక విమానం, అక్కడి నుంచి ఇంకొకటి. ఇబ్బందల్లా రెండూ వేర్వేరు టికెట్లయితేనే. మధ్యలో పెట్టెలు దించుకుని మళ్లీ ఇవ్వాలి, ఆ దేశం వీసా సంగతి ముందే చూసుకోవాలి, మొదటిది ఆలస్యమైతే రెండోది ఆగదు. పిల్లలకు అది సాహసం. అమ్మకు కాదు.

ఆ దారిలో మొదటి అడుగు పడింది మాత్రం నిజం. నార్వేజియన్ వదిలేసిన 787లను తీసుకుని 2022 జూన్‌లో నార్స్ అట్లాంటిక్ అనే కొత్త కంపెనీ మళ్లీ ఓస్లో - న్యూయార్క్ మొదలుపెట్టింది. ఒక్కో విమానంలో 338 సీట్లు. చలికాలం పరీక్ష దానికీ తప్పలేదు. చివరికి తన విమానాల్లో కొన్నిటిని సిబ్బందితో సహా అద్దెకిచ్చుకుంది. ఎవరికి? మన ఇండిగోకి! అట్లాంటిక్ కోసం సీట్లు అమర్చుకున్న విమానాలు 2025 జులైలో ముంబయి నుంచి మాంచెస్టర్‌కు, ఆమ్‌స్టర్‌డామ్‌కు ఎగిరాయి. అంతకుముందే, 2024 ఏప్రిల్‌లో, ఇండిగో ముప్ఫై ఏ350లు సొంతానికి ఆర్డరిచ్చింది. వాటిలో ఎన్ని సీట్లు, ఎన్ని పడకలు, ఏ ఊరి నుంచి అన్న లెక్కలే ఇక తేలాలి.

ఈలోగా ఇక్కడ ఓ ఇంటి ముందు ఇన్నోవా ఆగి ఉంది. వరండాలో చేతికాటాకు పెట్టె కొక్కెం తగిలించి పెద్దకొడుకు పైకెత్తాడు. ఇరవై మూడుంపావు. అమ్మ జిప్పు తీసి, కాసేపు వెతికి, తన స్వెటర్ బయటికి తీసింది. సకినాల డబ్బా అలాగే ఉంచి జిప్పు వేసింది.